తెల్లవారుజామున తేలిన చేపలు

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మా పెరట్లో సిమెంటు గాబు దగ్గర ఏదో చిన్న చప్పుడు, ఎవరో నీటి మీద పెదవులు చప్పరిస్తున్నట్టు. టార్చి వేసి చూశాను. గప్పీ చేపలన్నీ పైకి తేలి, మూతులు నీటి అంచుకు ఆనించి, ఆగకుండా నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఐదారు అప్పటికే వెల్లకిలా పడి ఉన్నాయి. ముందు రోజు మధ్యాహ్నం మండే ఎండలో అవే చేపలు తామరాకుల నీడన హుషారుగా తిరిగాయి. అంత ఎండను తట్టుకున్నవి రోజు మొత్తంలో చల్లగా ఉండే వేళ ఎందుకు చచ్చిపోతున్నాయి? దీనికి జవాబు తెలిశాక ఎండాకాలంలో నా తోట పనుల వేళలు మొత్తం మారిపోయాయి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. మే 25 ప్రాంతం నుంచి జూన్ 7, 8 దాకా ఉండే ఆ రెండు వారాలూ పెరటి తోట ఉన్నవాళ్ళకీ, డాబా మీద కుండీలు పెట్టుకున్నవాళ్ళకీ, గాబులోనో గోలెంలోనో తామరలూ చేపలూ పెంచుకునేవాళ్ళకీ గడ్డు రోజులు. అప్పుడు అందరి ధ్యాసా నీళ్ళ మీదే. మొక్క వాలితే నీళ్ళు పోస్తాం, గాబులో మట్టం తగ్గితే నీళ్ళు నింపుతాం. కానీ నేను చూసినంతలో వేసవిలో పెరట్లో జరిగే నష్టంలో చాలా భాగం దాహం వల్ల కాదు, ఊపిరాడక జరిగేదే. చేపకూ అంతే, కుండీలోని వేరుకూ అంతే.

ముందు గాబు సంగతి. చేప పీల్చేది నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని. అది ఎంత కొంచెమో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. లీటరు నీటిలో, 20 డిగ్రీల దగ్గర, పట్టినంతా కరిగినా 9 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కేకొద్దీ అది కూడా తగ్గుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నర, 35 డిగ్రీలకు దాదాపు ఏడు. చల్లటి సోడా కన్నా ఎండలో ఉన్న సోడా మూత తీయగానే ఎలా పొంగుతుందో గుర్తు తెచ్చుకోండి. వేడి నీరు ఏ వాయువునూ ఎక్కువగా పట్టి ఉంచుకోలేదు. మరోపక్క చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే మారుతుంది. నీరు పది డిగ్రీలు వేడెక్కితే దానికి కావలసిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. దొరికేది తగ్గిపోయే రోజుల్లోనే అవసరం పెరుగుతుందన్నమాట.

అలా అయితే చేపలు మిట్టమధ్యాహ్నమే చావాలి కదా? ఇక్కడే పచ్చటి నీటి పాత్ర వస్తుంది. ఎండకు గాబు నీళ్ళు పచ్చబడతాయి. ఆ రంగు కంటికి విడిగా కనిపించని కోట్లాది సూక్ష్మ నాచు కణాలది. పగలంతా అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకుంటూ నీటిలోకి ఆక్సిజన్ వదులుతాయి. మధ్యాహ్నానికి నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. పొద్దు గుంకగానే ఆ పని ఆగిపోతుంది. కానీ వాటికి శ్వాస ఆగదు. రాత్రంతా నాచు పీలుస్తుంది, చేపలు పీలుస్తాయి, అడుగున కుళ్ళుతున్న ఆకులనూ మిగిలిపోయిన మేతనూ తినే బాక్టీరియా పీలుస్తుంది. పగలు కూడబెట్టినదంతా రాత్రి ఖర్చవుతుంది. సూర్యోదయానికి కాస్త ముందు నిల్వ అడుగంటుతుంది. మా గప్పీలు నోళ్ళు తెరిచింది ఆ ఘడియలోనే.

కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులను అడిగితే ఈ సంగతి ఒక్క ముక్కలో చెబుతారు: ‘డీవో పడిపోయింది’ అని. కరిగిన ఆక్సిజన్‌కి ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. తెల్లవారుజామున చెరువు గట్టు మీద తిరుగుతూ చేపలు తేలుతున్నాయేమోనని చూడడం వాళ్ళకు రోజూ ఉండే పని. మండే ఎండ కన్నా, పగలంతా మబ్బు పట్టిన రోజు రాత్రి వాళ్ళకు ఎక్కువ టెన్షన్. పగలు ఎండ లేకపోతే నాచు ఆక్సిజన్ తయారుచేయదు, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. అందుకే నీటిని చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు రాత్రిళ్ళు తిరుగుతాయి. మన కొర్రమీనుకు మాత్రం ఈ బెంగ లేదు. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు. ఎండాకాలం చెరువులు ఇంకి బురద మిగిలినప్పుడు కూడా అది బతికి బట్టకట్టేది ఆ వరం వల్లే.

చెరువంత పెద్దదానికి వర్తించేదే గాబుకూ వర్తిస్తుంది. చాలామంది అక్వేరియం షాపులో చిన్న గాలి మోటారు కొని పగలు నడిపి, చప్పుడుకు నిద్ర పట్టదని రాత్రి ఆపేస్తారు. చేయవలసింది దానికి సరిగ్గా తిరగేసి. పచ్చటి నీళ్ళున్న గాబుకు ఆ బుడగలు రాత్రి పది నుంచి తెల్లారి ఏడు దాకా కావాలి. మోటారు లేనివాళ్ళు చేపలు తేలడం చూస్తే, అదే నీటిని చెంబుతో ముంచి మూరెడు ఎత్తు నుంచి పది నిమిషాలు తిరిగి పోయాలి, టీ చల్లార్చినట్టు. పడే ప్రతి ధారా గాలిని లోపలికి తీసుకుపోతుంది. ఆ ఉదయం మిగిలిన చేపలను నేను కాపాడుకున్నది చెంబుతోనే. ఐసు గడ్డలు వేయడం మాత్రం వద్దు. ఒక్కసారిగా వేడి మారితే చేప ఆ దెబ్బకే పోతుంది.

నీడ అన్నిటికన్నా మంచి మందు. నీటి ఉపరితలంలో సగం దాకా తామరాకులో కలువాకులో కప్పితే నీరు తక్కువ వేడెక్కుతుంది, నాచుకు వెలుతురు తగ్గి నీళ్ళూ తేటగా ఉంటాయి. అంతకు మించితే నష్టమే. అంతరతామర, గుర్రపుడెక్క లాంటివి గాబంతా కమ్మేస్తే గాలి నీటిని తాకే చోటే ఉండదు. వారానికోసారి వాటిని గుప్పిళ్ళతో తీసి కంపోస్టు గుంటలో వేయాలి. గాబు అడుగున ఒక పగిలిన కుండ పెంకు బోర్లిస్తే చేపలు ఎండవేళ అందులో తలదాచుకుంటాయి.

మేత విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. రోహిణి ఎండల్లో చేపలకు మేత సగానికి తగ్గించాలి, అదీ ఉదయం ఎండ వచ్చిన తర్వాతే వేయాలి. తినగా మిగిలిన మేత కుళ్ళితే ఆక్సిజన్ ఖర్చవడం ఒక్కటే కాదు, అమ్మోనియా పుడుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పలను కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మీదా, వేడి మీదా ఆధారపడుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విష రూపం నూటికి ఒక్క వంతు కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే నూటికి 40 వంతులు దాటుతుంది. పచ్చటి నీటిలో నాచు మధ్యాహ్నమంతా కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల సాయంత్రానికి పీహెచ్ సరిగ్గా అలాగే పైకి పోతుంది. ఉదయం ఏ ఇబ్బందీ చేయని నీరే సాయంత్రానికి చేపకు విషం కావచ్చు.

ఈ రోజుల్లో గాబులో నీటిమట్టం కొన్ని చోట్ల రోజుకు సెంటీమీటరు దాకా దిగుతుంది. ఆవిరయ్యేది ఒట్టి నీరు, ఉప్పులన్నీ మిగిలిపోతాయి. కనుక పైన నింపుతూ పోవడం ఒక్కటే చాలదు. వారానికోసారి పాత నీరు నాలుగో వంతు తోడి మొక్కలకు పోయాలి, అది వాటికి మంచి ఎరువు కూడా. కొత్తగా పోసేది క్లోరిన్ కలిపిన కుళాయి నీరైతే ఒక రోజు బకెట్లో మూత లేకుండా ఉంచి పోయాలి.

ఇక కుండీ దగ్గరికి వద్దాం. వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. మంచి మట్టి పరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. మట్టి రేణువుల మధ్య ఉండే సందులవి. వాటిలో కొంత నీరు, కొంత గాలి. ఆ గాలిలోంచే వేరుకు ఆక్సిజన్ అందుతుంది. సందులన్నీ నీటితో నిండిపోతే ఆక్సిజన్ వేరు దాకా నీటి గుండా రావాలి. అలా రావడం గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మది. పైగా డాబా మీద నల్ల కవరు కుండీలో మట్టి వేడెక్కితే, చేపకు జరిగినట్టే, వేరుకూ ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. వేరు ఉక్కిరిబిక్కిరై కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు లాగలేదు, కాబట్టి ఆకులు వాడిపోతాయి. చూసేవాళ్ళకు అది దాహంలా కనిపిస్తుంది. పాపం, ఇంకో చెంబు పోస్తారు.

మధ్యాహ్నం రెండింటికి బీరాకులూ గుమ్మడాకులూ గొడుగు ముడిచినట్టు వాలిపోతే కంగారు పడకండి. వేరు పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఆకుల మీది పత్రరంధ్రాల గుండా ఆవిరైపోతుంది. వెడల్పాటి ఆకు నుంచి మండుటెండలో పోయేంత వేగంగా వేరు నీటిని పంపలేదు. పొద్దు వాలాక అవే లేచి నిలబడతాయి. చూడవలసింది తెల్లవారుజామున. రాత్రంతా పత్రరంధ్రాలు చాలావరకు మూసుకుని, వేరు తీరిగ్గా నీరు తోడుకున్న తర్వాత కూడా ఆకు వాలి ఉంటే అది నిజమైన కష్టం. 1965లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం ఆకులోని నీటి లాగుడును కొలిచే ప్రెషర్ ఛాంబర్‌ను ప్రాచుర్యంలోకి తెచ్చింది. దానితో పనిచేసే శాస్త్రవేత్తలు కూడా మొక్క అసలు స్థితి తెలుసుకోవడానికి తెల్లవారకముందే ఆకు కోస్తారు. మనకు ఆ పరికరం అక్కర్లేదు. వాలిన మొక్క మొదట్లో మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించండి. తడి తగిలితే నీళ్ళు పోయవద్దు, కుండీ అడుగున రంధ్రం పూడిందేమో చూడండి.

నీళ్ళు తెల్లవారుజామున పోయడం మేలు. ట్యాంకులో నీరు రాత్రంతా చల్లారి ఉంటుంది, మట్టీ చల్లగా ఉంటుంది. పగటి పూట పైపు తిప్పవలసి వస్తే, డాబా మీద కాగిన ఆ మొదటి బకెట్ నీళ్ళు విడిగా పట్టి పక్కన పెట్టండి. అవి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఎండలో ఆకుల మీద పడ్డ చుక్కలు భూతద్దంలా ఆకును కాలుస్తాయని మనలో గట్టి నమ్మకం ఉంది. బుడాపెస్ట్‌లోని ఎట్వోష్ విశ్వవిద్యాలయానికి చెందిన గాబోర్ హోర్వాత్ బృందం దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. నున్నటి ఆకును అంటుకుని పరుచుకున్న చుక్క దాన్ని కాల్చలేదని తేలింది. ఆకు మీది నూగు చుక్కను పైకి ఎత్తి పట్టుకున్నప్పుడు మాత్రం కాల్చగలదు. వాళ్ళు నూగు ఆకు కోసం పరీక్షించింది నీటి మీద తేలే ఒక ఫెర్న్ మొక్కను.

మన పాత మట్టికుండ ఈ రెండు వారాల్లో చేసే పని ఏ ఖరీదైన పరికరమూ చేయదు. నీరు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. ఒక లీటరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. సున్నా డిగ్రీల నీటిని మరిగే దాకా వేడి చేయడానికి పట్టే వేడికి అది దాదాపు ఆరు రెట్లు. మట్టి కుండీ గోడల నుంచి నీరు చెమర్చి ఆవిరవుతుంటే వేళ్ళు చల్లగా ఉంటాయి, ప్లాస్టిక్ కుండీకి ఆ వీలు లేదు. పెద్ద మడిలో అయితే ఒక కుండను మెడ దాకా పాతి నీళ్ళు నింపి మూత పెట్టండి. చుట్టూ మట్టి ఎండితే అది కుండ గోడలోంచి నీటిని లాక్కుంటుంది. తడిగా ఉంటే లాగదు. వేరుకు నీరూ దొరుకుతుంది, గాలీ దొరుకుతుంది. మడి మీద బెత్తెడు మందాన వరిగడ్డో ఎండుటాకులో కప్పితే మట్టి మీద నేరుగా ఎండ పడదు.

టమాటా పూత రాలిపోతోందని నీళ్ళూ ఎరువులూ గుప్పించడం వృథా. పగలు 35, రాత్రి 25 డిగ్రీలు దాటే రోజుల్లో దాని పుప్పొడి సత్తువ కోల్పోతుంది. ఎండను సగం ఆపే యాభై శాతం షేడ్ నెట్‌ను మొక్కలకు తగలకుండా ఎత్తుగా కట్టి, మృగశిర దాకా మొక్కను బతికించుకుంటే చాలు. బెండకూ మల్లెకూ ఈ ఎండ పెద్ద లెక్క కాదు. మందారం కొమ్మలకు పిండినల్లి పడితే ఉదయం పూట నీటి ధారతో గట్టిగా కడగండి. వేపనూనె పిచికారీ సాయంత్రమే చేయాలి.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. తొలి మబ్బులు చూసి మనం ఊపిరి పీల్చుకుంటాం, కానీ గాబుకు అది ఇంకో గండం. పగలంతా మసక వెలుతురు, సాయంత్రం ఈదురుగాలికి అడుగున ఉన్న కుళ్ళు పైకి కలవడం, దాని తర్వాత రాత్రి. ఆ రాత్రి గాలి మోటారు తప్పకుండా నడపండి. గాబు పొంగి నీళ్ళు పోయే చోట సన్నటి జాలీ కట్టండి. గప్పీ మన చేప కాదు. దోమలను అరికట్టడానికి 1928లో ఇటలీ నుంచి తెచ్చిన గాంబూసియా కూడా మన చేప కాదు. గాంబూసియా ఇప్పుడు ప్రపంచంలోని నూరు చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో ఉంది. ఇవి వాన నీటితో కాలువలో పడితే అక్కడి చిన్న చేపల పిల్లలనూ కప్పల గుడ్లనూ తినేస్తాయి. తొలి వాన పడిన మర్నాడు తెల్లవారుజామున లేచి నేను మొదట చూసేది ఆ జాలీనే. దాని మీద చిక్కుకున్న గప్పీలను చేత్తో తీసి మళ్ళీ గాబులో వేస్తాను.