నెట్‌లో ఉద్యోగ వేట: మా టేబుల్ ఇవతలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పని చేస్తున్నాను. మొన్న భీమవరం నుంచి వచ్చిన ఒక అబ్బాయి, "మేడమ్, మూడు నెలల్లో నాలుగు వందల జాబ్స్‌కి అప్లై చేశాను. ఒక్క కాల్ కూడా రాలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కష్టపడే పిల్లాడు. ఆ కష్టం ఎక్కడ వృథా అవుతోందో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అపోహ: ఎన్ని ఎక్కువ అప్లై చేస్తే అంత మంచిది.

వాస్తవం: ఒక ప్రకటన పెడితే రెండు రోజుల్లో వందల దరఖాస్తులు వచ్చిపడతాయి. అన్నీ తెరిచి చదవడం మా వల్ల కాదు. అందుకే చాలాసార్లు నౌక్రీ లాంటి సైట్ల రెజ్యూమె డేటాబేస్‌లో మేమే నేరుగా వెతుకుతాం. "జావా, ఎస్‌క్యూఎల్, హైదరాబాద్, 0–2 ఏళ్లు, గత 15 రోజుల్లో యాక్టివ్" అని కొడతాం. సరిపోయిన పేర్లే మాకు కనిపిస్తాయి.

ఆ అబ్బాయి ప్రాజెక్ట్ చేసింది జావాలోనే. కానీ స్కిల్స్ దగ్గర "ప్రోగ్రామింగ్" అని మాత్రం రాశాడు. ఉంటున్నది కూకట్‌పల్లిలో, ప్రొఫైల్‌లో ఊరు ఇంకా భీమవరమే. హెడ్‌లైన్‌లో "మంచి అవకాశం కోసం చూస్తున్నాను" అని ఉంది. ఆ మాటలు కొట్టి ఏ రిక్రూటరూ వెతకడు. ఇద్దరం కూర్చుని అవన్నీ మార్చాం. రెండు వారాల్లో మూడు కాల్స్ వచ్చాయి. ఉద్యోగం ఇంకా రాలేదు కానీ ఇంటర్వ్యూల దాకా వెళ్తున్నాడు.

మీరూ ఒక పని చేయండి. మీకు కావలసిన ఉద్యోగానికి వచ్చిన పది ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని, మళ్లీ మళ్లీ కనిపించే మాటలు రాసుకోండి. వాటిలో మీకు నిజంగా వచ్చినవి మీ ప్రొఫైల్‌లో అదే మాటల్లో పెట్టండి. అకౌంట్స్ వాళ్లయితే "కంప్యూటర్ నాలెడ్జ్" అని కాకుండా టాలీ ప్రైమ్, జీఎస్టీ రిటర్న్స్, టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్ అని రాయాలి. వారానికోసారి లాగిన్ అయి ఏదో ఒకటి సరిచేయండి. ఎక్కువ రోజులు ముట్టుకోని ప్రొఫైల్ మా ఫిల్టర్‌లో కిందికి వెళ్లిపోతుంది.

అపోహ: రెజ్యూమె రంగురంగులుగా ఉంటే కంట పడుతుంది.

రెండు కాలమ్స్, టేబుల్స్, స్కిల్ ఎంత వచ్చో చూపే చుక్కలు ఉన్న రెజ్యూమెలను మేం వాడే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు సరిగా చదవలేకపోతుంది. మామూలు అక్షరాల్లో, ఒకే వరుసలో ఉన్న ఒకటి రెండు పేజీలు చాలు.

అపోహ: డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తారు, అందరూ చేస్తున్నదే.

దీని గురించి నాకు చాలా బాధ ఉంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఈ మాట చెవిన పడని కుర్రాడు ఉండడేమో. ఒకప్పుడు పాత కంపెనీకి ఫోన్ చేసి అడగడమే వెరిఫికేషన్. 2014 నుంచి పీఎఫ్ ఖాతాలకు యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని ఒకే నంబరు, వచ్చింది. ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. చేరిన ఆరు నెలలకు బయటపడినా తీసేస్తారు. అమ్మ బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో అనుభవం కొనుక్కున్న అమ్మాయికి, "రేపటి నుంచి రావద్దు" అని చెప్పాల్సిన పని నా మీద పడింది. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. ఫ్రెషర్ అయితే ఫ్రెషర్ అనే రాయండి. చిన్న ఇంటర్న్‌షిప్, గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకుని నలుగురికీ చూపించే సైట్) సొంతంగా చేసిన ఒక ప్రాజెక్ట్ మీకు అంతకంటే ఎక్కువ పనికొస్తాయి.

అపోహ: లింక్డ్‌ఇన్‌లో ప్రతి పోస్ట్ కింద "ఇంట్రెస్టెడ్" అని పెడితే ఎవరో ఒకరు చూస్తారు.

వందల కామెంట్లలో మీది ఎవరికీ కనపడదు. అక్కడే మీ కాలేజీ పేజీలో అలుమ్ని (పూర్వ విద్యార్థుల) భాగం తెరిస్తే, మీ సీనియర్లు ఏయే కంపెనీల్లో ఉన్నారో తెలుస్తుంది. వాళ్లలో ఒకరికి ఏ బ్యాచో, ఏ జాబ్ ఐడీయో (ప్రకటనలో ఆ ఉద్యోగానికి ఇచ్చే నంబరు), ఆ పనికి మీరెలా సరిపోతారో మూడు వాక్యాల్లో రాయండి. "ఏదైనా జాబ్ ఉంటే చెప్పండన్నా" అంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? జాబ్ ఐడీ ఇస్తే రిఫర్ చేయడం ఐదు నిమిషాల పని.

అపోహ: ఆఫర్ లెటర్ మీద లోగో, సంతకం ఉంటే అసలుదే.

లోగో ఎవరైనా అతికించగలరు. మెయిల్ ఐడీలో @ తర్వాత ఏముందో అక్షరం అక్షరం చూడండి. కంపెనీ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి, కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటూ ముందే డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. రేటింగ్ ఇస్తే డబ్బులిస్తామనే టెలిగ్రామ్ టాస్కులూ అంతే. మొదట కొంచెం ఇచ్చి, తర్వాత లక్షలు లాగుతారు.

విదేశీ ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్త. డేటా ఎంట్రీ అని నమ్మి కంబోడియా వెళ్లిన మన విశాఖ కుర్రాళ్లు సైబర్ మోసాలు చేయించే ముఠాలకు చిక్కిన సంగతి 2024లో బయటపడింది. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే ఒప్పుకోవద్దు. ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడిగితే పాస్‌పోర్ట్ చేతికివ్వకుండా వచ్చేయండి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.