క్యారవాన్ మురుగు ఎక్కడికి పోవాలి? కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరులో మాది మురుగు పని. సెప్టిక్ ట్యాంకు బండి నడుపుతాం, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ మొబైల్ టాయిలెట్లు పెడతాం. పడక, వంటిల్లు, టాయిలెట్ ఉన్న క్యారవాన్ బండి ఇన్నాళ్లూ సినిమా షూటింగుల దగ్గరో, నాయకుల యాత్రల్లోనో కనిపించేది. ఇప్పుడు కుటుంబాలు అద్దెకు తీసుకుని మైపాడు, కొత్తకోడూరు వైపు, ఒంగోలు దాటితే కొత్తపట్నం వైపు వస్తున్నాయి. "మా కొబ్బరితోటలో నాలుగు బండ్లు ఆపుకునేలా చేయాలి, ఏమేం కావాలి?" అని అడిగే రైతులూ ఉన్నారు. బండిలో ఏసీ ఉందా, టీవీ ఉందా అని అందరూ చూస్తారు. బండి కింద మురుగు ట్యాంకులు ఉంటాయని, వాటిని ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలని మాత్రం ఆఖర్న గుర్తొస్తుంది. ఆ ఆఖరి నిమిషపు టెన్షన్‌లోనే తప్పులన్నీ జరుగుతాయి. రోజూ నా చెవిన పడే మాటలు, వాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సింకు నీళ్లు, స్నానం నీళ్లు ఉట్టి నీళ్లే. ఎక్కడైనా వదిలేయొచ్చు.

బండిలో మురుగు రెండు రకాలు. సింకు, స్నానం నీళ్లను గ్రే వాటర్ అంటారు. టాయిలెట్‌ది బ్లాక్ వాటర్. గ్రే వాటర్‌లో నూనె జిడ్డు, అన్నం మెతుకులు, సబ్బు, ఒంటి మురికి, చిన్నపిల్లలుంటే వాళ్లను కడిగిన నీళ్లు కూడా ఉంటాయి. ఇంట్లో అయితే ఆ నీళ్లు అప్పటికప్పుడు పారిపోతాయి. బండిలో మూసిన ట్యాంకులో నిలవుంటాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఒక్క రోజు నిలిస్తే చాలు, లోపల గాలి అందక కుళ్లి, టాయిలెట్ ట్యాంకును మించిన కంపు కొడతాయి. అప్పుడే వాడిన స్నానం నీళ్లు అరటి మొక్క పాదులో పోస్తే పెద్ద నష్టం లేదు. రెండు రోజులు నిలవున్న సింకు నీళ్లు పోస్తే ఈగలూ దోమలూ చేరతాయి, పక్క బండివాళ్లు కూర్చోలేరు. సింకులోకి పోయే ముందే గిన్నెల జిడ్డును కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. ఇది చిన్న పనే గానీ ట్యాంకును సగం కాపాడుతుంది.

అపోహ: సర్వీస్డ్ పిచ్ అంటే కరెంటు, నీళ్లు, మురుగు అన్నీ అక్కడికక్కడే. మనం ఏమీ మొయ్యక్కర్లేదు.

పిచ్ అంటే బండి ఆపుకునే చోటు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి ఆర్‌వీలో, అంటే అక్కడి క్యారవాన్ బండిలో, తిరిగొచ్చినవాళ్లు ఎక్కువగా ఈ మాట అంటారు. అక్కడ ఫుల్ హుకప్ అంటే నిజంగానే టాయిలెట్ మురుగు కూడా ఆ స్థలంలోనే గొట్టం తగిలించి వదిలే ఏర్పాటు ఉంటుంది. బ్రిటన్‌లో వేరు. అక్కడ సర్వీస్డ్ పిచ్‌లో కరెంటు, కుళాయి, గ్రే వాటర్ పోవడానికి ఒక డ్రెయిన్ ఇస్తారు. టాయిలెట్ డబ్బాను, అంటే కాసెట్‌ను, చేత్తో తీసుకెళ్లి విడిగా కట్టిన చోట ఒంపాలి. కాసెట్‌ను పిచ్‌లోని గ్రే డ్రెయిన్‌లో పోయడం అక్కడ పెద్ద తప్పు. ఆ డ్రెయిన్ సన్నగా ఉంటుంది, వెళ్లే చోటు కూడా వేరు కావచ్చు.

మన దగ్గర ఈ పేర్లకు ఇంకా ఒక పద్ధతి కుదరలేదు. ఒకచోట సర్వీస్డ్ అంటే 16 ఆంపియర్ల సాకెట్టూ, ఒక కుళాయీ. ఇంకోచోట తోటలోకి వదిలేసిన ఒక పీవీసీ పైపు. అందుకే ఫోన్ చేసినప్పుడు "సర్వీస్డ్ పిచ్ ఉందా?" అని అడక్కండి. "ఈ పైపు ఎక్కడికి పోతుంది?" అని అడగండి. జవాబు సెప్టిక్ ట్యాంకు అయితే మంచిది. నేలలోకి ఇంకనివ్వకుండా మురుగును పట్టి ఉంచే మూసిన హోల్డింగ్ ట్యాంకు అయితే ఇంకా మంచిది. "వెనక కాలవలోకండీ" అంటే ఆ చోటు వద్దు.

అపోహ: పైపు తగిలించాక టాయిలెట్ ట్యాంకు వాల్వు తెరిచి పెట్టేస్తే ఇక చూసుకునే పనే ఉండదు.

ఇది బండి కింద స్థిరంగా బిగించిన ట్యాంకులున్నవాళ్ల సంగతి. వాల్వు తెరిచి ఉంచితే నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోతాయి, గట్టి పదార్థం అడుగునే ఉండిపోతుంది. నాలుగు రోజుల్లో అది గోడకు కొట్టిన పిడకలా ఎండి అంటుకుంటుంది. తర్వాత ఎన్ని నీళ్లు కొట్టినా ఊడిరాదు, లెవల్ చూపించే సెన్సారు కూడా పనిచేయదు. వాల్వు మూసే ఉంచాలి. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదిలితే ఆ ఒరవడికి అంతా కొట్టుకుపోతుంది. ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లు వెనక వస్తే గొట్టం కూడా కడిగినట్టవుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యాక ఒక బకెట్ నీళ్లు లోపల పోసి పెట్టండి, అడుగు ఎండకుండా ఉంటుంది.

అపోహ: కాసెట్ మూడు రోజులు వస్తుంది. కంపెనీ పుస్తకంలో అలాగే ఉంది.

ఆ లెక్క కాగితం వాడేవాళ్లది. కాసెట్‌లో పట్టేది దాదాపు 17 నుంచి 20 లీటర్లు. మనం కడుక్కుంటాం. ఫ్లష్షూ జెట్టూ కలిపి ఒక్కో మనిషికి ఒకసారికి రెండు లీటర్లు సులువుగా పోతాయి. నలుగురున్న కుటుంబానికి సాయంత్రానికల్లా డబ్బా నిండుతుంది. కాబట్టి రోజుకొకసారి ఖాళీ చేసే చోటు దారిలో ఎక్కడుందో చూసుకునే బయలుదేరాలి. పార్కింగు చోట మంచి టాయిలెట్ ఉంటే పగలు అదే వాడుకుని, రాత్రికి బండిది వాడటం నేను చెప్పే పద్ధతి.

ఖాళీ చేయడం కూడా ఒక పద్ధతి ప్రకారం చేయాలి. గ్లౌజులు వేసుకుని, డబ్బాను నిలువుగా మోసుకెళ్లండి. మూతి గొట్టాన్ని బయటికి తిప్పి మూత తీయండి. వంచేటప్పుడు పైన గాలి బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టుకోండి. అది నొక్కకపోతే లోపలికి గాలి పోక గుడగుడమంటూ వచ్చి బట్టల మీద చిందుతుంది. అంతా పోయాక రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, బాగా కుదిపి మళ్లీ ఒంపండి. నీళ్లు తేటగా వచ్చేదాకా చేయండి. ఆఖర్న ఆ చోటును కూడా కడిగి రండి, మీ వెనక ఇంకొకరు వస్తారు.

అపోహ: ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ ఏదో ఒకటి గట్టిగా పోస్తే వాసన ఉండదు.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. క్యారవాన్ టాయిలెట్ అంటే బీరువా అంత గది. అందులో ఈ రెండూ కలిపితే ఊపిరాడదు. యాసిడ్ రబ్బరు సీళ్లను కూడా తినేస్తుంది, తర్వాత డబ్బా కారడం మొదలవుతుంది.

కంపెనీ మందుల్లోనూ తేడా ఉంది. కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ దానితో చేసిందే. అది క్రిములను చంపి వాసన ఆపుతుంది. కానీ సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కరిగించేది కూడా క్రిములే. రిసార్టు వెనకున్న చిన్న ట్యాంకులో ఇలాంటి డబ్బాలు వరసగా పడితే ఆ క్రిములు చచ్చి, పచ్చి మురుగే ఇంకుడు గుంతలోకి పోతుంది. సెప్టిక్ ట్యాంకుకు హాని చేయదని సీసా మీద రాసి ఉన్న మందే కొనండి. ద్రవం రంగు చూసి నిర్ణయించుకోవద్దు. ఎంత కొలత చెప్పారో అంతే పోయండి.

అపోహ: మనది ఇసుక నేల, అన్నీ వడపోస్తుంది. మిగిలింది సముద్రం చూసుకుంటుంది.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టే మాట ఇది. తీరం వెంబడి మన ఇసుకలో నీళ్లు చాలా వేగంగా కిందికి దిగుతాయి. వడకట్టుకునేంత సమయమే ఉండదు. పైగా భూగర్భ జలం చాలా పైన ఉంటుంది. కింద ఉప్పునీరు, దాని మీద తేలినట్టు పల్చటి పొరగా మంచినీరు. తీరం ఊళ్లలో చేతిపంపుల్లో వచ్చేది ఆ మంచినీరే. మీరు వదిలిన మురుగు ముందు చేరేది కూడా అక్కడికే. సెప్టిక్ ట్యాంకుల మీద ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 2470, ఇంకుడు ఏర్పాటుకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలంటుంది. ఇసుకలో నేనైతే అంతకన్నా ఎక్కువే ఉంచమంటాను.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు ముఖ్యం. అప్పుడు నేలలో నీటిమట్టం పైకొచ్చి ఇంకుడు గుంత నిండిపోతుంది. మురుగు ఇంకడం మాట అటుంచి, పైకి ఉబుకుతుంది. ఆ రోజుల్లో ఇంకుడు గుంతను నమ్ముకుని బండ్లు తీసుకోకూడదు.

ఇక సముద్రం సంగతి. మైపాడు వైపు బకింగ్‌హామ్ కాలవ ఉంది, ఏటి మొగలున్నాయి, వాటి పక్కన రొయ్యల గుంటలున్నాయి. గుంటలవాళ్లు మోటార్లు పెట్టి తోడుకునేది ఆ కాలవల నీళ్లే. ఒక్క రాత్రి ఎవరికీ కనబడకుండా వదిలిన ట్యాంకు తెల్లారేసరికి ఒక రైతు గుంటలో చేరొచ్చు. అలల దగ్గర ఇసుక మీద చేపలు ఎండబెట్టే ఆడవాళ్లుంటారు, పిల్లలు వట్టికాళ్లతో ఆడుకుంటుంటారు. పచ్చకామెర్లు, విరేచనాలు, నులిపురుగులు వచ్చే దారి ఇదే. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు శుద్ధి చేయని మురుగు వదలడాన్ని నిషేధించాయి కూడా. కానీ నిబంధన లేకపోయినా ఇది చేయకూడని పని.

అపోహ: ఒక్క గొట్టం ఉంటే నీళ్లు పట్టుకోవచ్చు, అదే గొట్టంతో ట్యాంకు కడగొచ్చు.

కూడదు. తాగేనీళ్ల గొట్టం వేరు, కడిగే గొట్టం వేరు. రెండు వేర్వేరు రంగులవి కొని వేర్వేరు అరల్లో పెట్టండి. మురుగు పారబోసే చోటున్న కుళాయి నుంచి తాగేనీళ్లు ఎప్పుడూ పట్టుకోవద్దు. కనిగిరి వైపు వెళ్తే మరో జాగ్రత్త. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది, తాగడానికి శుద్ధి చేసిన నీళ్లే తీసుకోండి.

అపోహ: చోటు కట్టడమంటే సెప్టిక్ ట్యాంకు తవ్వి పైపులు కలపడమే.

తోటలున్న రైతులకు ఇది. తీరంలో నాలుగు బండ్లకు చోటు కడితే ముందుగా నేను వేయమనేది నేలలోకి ఏమీ ఇంకనివ్వని మూసిన ట్యాంకు. టాయిలెట్ మురుగు అందులోకే. ఒంపే చోట వాలు తీసిన సిమెంటు గచ్చు, మధ్యలో నాలుగంగుళాల పైపు మూతి, దానికి మూత, వాసన రాకుండా నీటి సీలు, చుట్టూ వాననీళ్లు లోపలికి రాకుండా చిన్న గట్టు. పక్కనే కడగడానికి ఒక కుళాయి, దానికి నీళ్లు వెనక్కి లాగకుండా నాన్ రిటర్న్ వాల్వు, పైన "ఇవి తాగేనీళ్లు కావు" అని బోర్డు. గ్రే వాటర్‌కు వేరే లైను, దాని దారిలో జిడ్డు పట్టే చాంబరు. ప్రతి కరెంటు సాకెట్టుకూ మంచి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. తడి ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగే చోట ఇది తప్పనిసరి.

ట్యాంకు పెట్టేటప్పుడు చాలామంది మరిచిపోయేది, అది నీళ్లలో తేలుతుందని. వానాకాలంలో నేలలో నీటిమట్టం పైకొచ్చినప్పుడు ఖాళీగా ఉన్న 5,000 లీటర్ల ట్యాంకు పూర్తిగా మునిగితే నీళ్లు దాన్ని 5 టన్నుల బలంతో పైకి తోస్తాయి. ప్లాస్టిక్ ట్యాంకు అయితే పైపులు విరగ్గొట్టుకుని నేలమీదికి వచ్చేస్తుంది. కింద కాంక్రీటు స్లాబు వేసి దానికి పట్టీలతో కట్టాలి. వానల్లో ట్యాంకును అడుగుదాకా ఖాళీ చేయకూడదు.

నిండిందో లేదో చూడటానికి మూత తీసి టార్చి వేసి చూడండి, కర్రతో కొలవండి. అంతేగానీ ఎవరినీ లోపలికి దింపకండి. అందులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియడం మానేస్తుంది, మనిషి ఒక్క క్షణంలో పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. రక్షణ లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం నేరంగా చెప్పింది. మా బండి పంపు, గొట్టం పెట్టి పైనుంచే లాగుతుంది. అడుగున గట్టిపడితే నీళ్లు కొట్టి కలిపి మళ్లీ లాగుతాం.

ట్యాంకు బండిని పిలిచినప్పుడు కూడా అదే ప్రశ్న అడగండి, తీసుకెళ్లి ఎక్కడ వదులుతారని. మునిసిపాలిటీ శుద్ధి కేంద్రానికా, లేక ఊరి బయట కయ్యల్లోకా? తక్కువ రేటు చెప్పి చీకటి పడ్డాక వస్తానన్నవాడిని పిలవొద్దు. ఎక్కడ వదిలాడో చూపించే రసీదు ఇచ్చేవాడినే పిలవండి, ఆ రసీదులు ఒక ఫైల్లో దాచండి. రేపు పక్క తోటవాళ్ల బోరు వాసన వస్తోందని గొడవ జరిగితే పంచాయతీ వాళ్లు ముందుగా అడిగేది అవే.