నర్సింగ్ కాలేజీ సెలవులు: అపోహలు - వాస్తవాలు

బీఎస్సీ నర్సింగ్‌లో చేరే పిల్లల తల్లిదండ్రులు ఫీజుల తర్వాత మమ్మల్ని ఎక్కువగా అడిగేది సెలవుల గురించే. ట్యూటర్‌గా రోజూ వినే మాటలివి.

అపోహ: ఇంటర్ కాలేజీలకు సెలవులిస్తే మాకూ ఇస్తారు.

క్లాసులకు పండగ సెలవులుంటాయి, వార్డుకు ఉండవు. క్లినికల్ పోస్టింగ్‌లో, అంటే ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ డ్యూటీలో ఉన్న బ్యాచ్ ఎప్పుడు ఇంటికి వెళ్లాలో రొటేషన్ ప్లాన్ (ఏ బ్యాచ్ ఎప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పే పట్టిక) చెబుతుంది. సంక్రాంతికి కొందరు వెళ్తే మిగతావాళ్లు కనుమ దాటాక వెళ్లాల్సి రావచ్చు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి ముందు ప్లాన్ చూసుకుని, తర్వాతే టికెట్ తీసుకోండి. ఎనిమిదో సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ 22 వారాలు, అదీ వారానికి 48 గంటలు. ఇంట్లో శుభకార్యం ఉంటే ముందే చెప్పాలి.

అపోహ: మెడికల్ సర్టిఫికెట్ పెడితే హాజరు వేస్తారు.

వేయరు. పరీక్షకు కూర్చోవాలంటే ప్రతి సబ్జెక్టులో థియరీకి, ప్రాక్టికల్‌కు కనీసం 80 శాతం హాజరు ఉండాలి. గైర్హాజరుకు కారణం ఏదైనా ఈ లెక్క మారదని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ విభాగాల్లో 100 శాతం పూర్తి కావాలి. పోయిన డ్యూటీ మళ్లీ చేయాల్సిందే.

అపోహ: నర్సుకు వాన సెలవేంటి? వాగు దాటైనా రావాలి.

నాకు బాధ కలిగించే మాట ఇది. 2022 జులైలో తెలంగాణలో విద్యాసంస్థలకు వారంపాటు వాన సెలవులిచ్చారు. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆసుపత్రులు మాత్రం నడిచాయి. వరద ముప్పున్న ఊళ్ల నుంచి నెలలు నిండిన గర్భిణులను ముందే తీసుకొచ్చి చేర్చుకున్నాయి కూడా. అక్కడ పనిచేసింది ఉద్యోగంలో ఉన్న సిస్టర్లు. విద్యార్థి ఉద్యోగి కాదు, సిబ్బంది కొరతకు అడ్డుపెట్టాల్సిన మనిషి అంతకన్నా కాదు. కలెక్టర్ సెలవు ప్రకటించాక ఇంటి నుంచి వచ్చే పిల్లను నీళ్లలో నడిచి రమ్మనే హక్కు ఏ కాలేజీకీ లేదని నా అభిప్రాయం. ఆ గంటలు తర్వాత చేయించుకోవచ్చు. హాస్టల్ పక్కనే ఆసుపత్రి ఉండి, ట్యూటర్ తోడుగా వస్తే పోస్టింగ్ నడపడంలో తప్పులేదు. నడుపుతున్నారా లేదా అన్నది వాట్సాప్ ఫార్వర్డ్ చూసి తేల్చుకోకండి, క్లాస్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి.

అపోహ: సెలవుల్లో చేసే డ్యూటీ గంటలు నింపుకోవడానికే.

పండగ రోజుల్లో ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లు తగ్గుతాయి, సర్జికల్ వార్డు పలచబడుతుంది. క్యాజువాలిటీ అలా కాదు. దీపావళి రాత్రి కళ్లకు నిప్పురవ్వలు తగిలినవాళ్లు, సంక్రాంతికి మాంజా దారం కోసుకున్నవాళ్లు వస్తారు. వానాకాలంలో డెంగీ, పాముకాటు కేసులు.

పొలంలో కాటు పడి వచ్చిన రైతుకు చేసే రక్త పరీక్ష చూడండి. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కిందని అనుమానించి, యాంటీవీనమ్‌కు సిద్ధం కావాలి. ట్యూబు సబ్బుతో కడిగినదైనా, మధ్యలో ఊపినా ఫలితం తప్పవుతుంది. పుస్తకంలో ఒక్క లైను. ఆ ఇరవై నిమిషాలూ రోగి మంచం పక్కన నిలబడి కనురెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తం కారుతోందా అని చూసిన పిల్లకు జీవితాంతం గుర్తుంటుంది.

అపోహ: మిగిలిన డ్యూటీలు సెమిస్టర్ చివర్లో ఒకేసారి చేసేయొచ్చు.

లేబర్ రూమ్, ఐసీయూల్లో ఒక షిఫ్టుకు కొద్దిమందినే పెడతారు. చివర్లో అందరూ అడిగితే చోటు దొరకదు. దొరకనప్పుడే కేసు చూడకుండా లాగ్‌బుక్ నింపి సంతకం అడిగే ఆలోచన వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి అమ్మా. డ్యూటీ పోయిన వారంలోనే క్లినికల్ కోఆర్డినేటర్‌కు లెటర్ రాసి, ఏ వార్డు, ఏ షిఫ్టు, ఎన్ని గంటలు పోయాయో అందులో పెట్టి, కొత్త తేదీ రాయించుకోండి. ఆ లెటర్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.