కంపెనీలు వదిలేసిన లక్క రికార్డులు

పాత 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క గ్రామఫోన్ ప్లేట్లు, డిజిటైజ్ చేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: అసలు టేపులు కంపెనీల దగ్గర ఉంటాయి కదా, ఈ గరగరలు ఎందుకు? టేపులెక్కడివి! 1940ల చివరిదాకా పాటల రికార్డింగ్‌కు టేపు వాడటమే అరుదు. మైనం పలక మీద గాడి చెక్కి, దాన్నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు ఒత్తేవారు. అమ్మకాలు ఆగాక ఆ అచ్చులు చాలావరకు తుక్కు కింద పోయాయి. మిగిలింది జనం కొనుక్కున్న ప్లేట్లే.

అవైనా గట్టివా అంటే, కాదు. లక్కలో రాతిపొడి, నల్లరంగు కలిపి చేసినవి, కింద పడితే ముక్కలే. ఆ రాతిపొడి కూడా కావాలనే వేసేవారు, ఉక్కు సూది కొస గాడికి సరిపడేలా అరగాలని. సూదితోపాటు గాడీ అరిగేది, ఇష్టమైన పాటైతే మరీను. 1942లో, యుద్ధంవల్ల భారత్ నుంచి లక్క రావడం కష్టమయ్యేసరికి, అమెరికాలో వాడకం తెగ్గోసి, పాత రికార్డులు పోగేసి నలగ్గొట్టి కొత్తవి చేశారు. 1948లో ఎల్పీ (నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువసేపు మోగే రికార్డు) వచ్చాక మిగిలినవి అటకెక్కాయి.

ఇప్పుడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడమూ అంత తేలిక కాదు. 1925కు ముందు వేగం కంపెనీకో రకం, అన్నిటినీ 78 దగ్గరే తిప్పితే గాయకుడి శ్రుతే మారిపోతుంది. ఎల్పీ సూది ఈ వెడల్పు గాడిలో అడుక్కి జారుతుంది కాబట్టి కొస అంగుళంలో సుమారు వెయ్యింట మూడు వంతులు ఉండే సూది కావాలి, అందులోనూ కాస్త అటూఇటూ మార్చి చూస్తే గాడి గోడలో అరగని చోటు ఎక్కడో దొరుకుతుంది. స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, లక్క కరిగిపోతుంది. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ జోరు మీద నాకు నమ్మకం లేదు, గొంతు కూడా పోతుంది. శుద్ధి చేయని ఫైలు ఒకటి దాచాల్సిందే.

తర్వాత చట్టం. అమెరికాలో 1972కు ముందు రికార్డింగులకు ఫెడరల్ కాపీరైటే లేదు, రాష్ట్రాల చట్టాల కింద 2067 దాకా బిగుసుకుని ఉండేవి. 2018 చట్టం దాన్ని కొంత సడలించింది: 1923కు ముందువి 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి, 1923 నుంచి 1946 మధ్యవాటికి నూరేళ్లు ఆగాలి. 78లను పెద్దఎత్తున ఆన్‌లైన్‌లో పెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ లైబ్రరీ మీద 2023లో పెద్ద మ్యూజిక్ కంపెనీలు దావా వేశాయి, 2025లో అది రాజీతో ముగిసింది.