పలాస పప్పు, క్యాలరీ లెక్క

రెండేళ్ల క్రితం నాకు షుగర్ బయటపడినప్పుడు ఒక డైట్ చార్ట్ చేతికొచ్చింది. ఇడ్లీకి ఇన్ని క్యాలరీలు, అరటిపండుకి ఇన్ని అని వరసగా రాసుంది. వారం రోజులు కూర్చుని బట్టీ పట్టాను. నెల తిరిగేసరికి ఒక్క అంకె కూడా గుర్తులేదు, భయం మాత్రం మిగిలింది. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాలను బట్టీ పట్టి, తన మీద తనే పరీక్ష చేసుకుని 1885లో చెప్పిన విషయం ఇదే: వాటిలో చాలా భాగం ఒక్క రోజులోనే జారిపోతుంది. దేనితోనూ ముడిపడని అంకె కూడా అలాంటిదే.

తర్వాత పలాసలో పిన్ని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ జీడిపప్పు గ్రేడింగ్‌కి వెళ్తుంది. ఏది 320 రకమో, ఏది 240 రకమో ఎలా తెలుస్తుందని అడిగితే, “సూస్తే తెలిసిపోదేటిరా?” అంది. ఆ అంకె పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. పౌను అంటే 454 గ్రాములు. అంటే 320 రకంలో ఒక్కో పప్పు దాదాపు 1.4 గ్రాములు!

అక్కడే కాగితం తీశాను. గ్రాము కొవ్వుకి 9 క్యాలరీలు, మాంసకృత్తులకి 4, పిండిపదార్థాలకి 4. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో అట్‌వాటర్ అనే శాస్త్రవేత్త కట్టిన లెక్క ఇది, ఇప్పటికీ వాడుతున్నాం. జీడిపప్పులో సగానికి కాస్త తక్కువ కొవ్వే కాబట్టి గ్రాముకి ఆరు క్యాలరీల దాకా వస్తుంది. ఒక్కో పప్పుకి ఎనిమిదో తొమ్మిదో. ఇరవై పప్పులు తింటే సుమారు 170, అంటే 130 గ్రాముల అన్నంతో సమానం.

ఆ అంకె నేను ఇంతవరకూ మర్చిపోలేదు. చదివిన జవాబు కన్నా సొంతంగా రాబట్టిన జవాబు బాగా నిలుస్తుందని స్లమెకా, గ్రాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ప్రయోగాలతో చూపించారు. అందుకే తినేముందు ఒక అంచనా వేసి, తర్వాత తూచి సరిచూసుకోమని షుగర్ ఉన్నవాళ్లందరికీ చెబుతుంటాను. అంచనా తప్పినా ఫర్వాలేదు, సరిదిద్దుకున్నది మనసులో పడుతుంది.

నన్ను బాగా తికమక పెట్టింది నీళ్లు. వంద గ్రాముల బియ్యంలో 350 క్యాలరీలుంటే, వంద గ్రాముల అన్నంలో 130 చిల్లరే. వండితే క్యాలరీలు ఎక్కడికీ పోవు, నీళ్లు చేరి బరువు పెరుగుతుందంతే. మర్నాడు పొద్దున్న పిన్ని చోడి (రాగి) అంబలి గ్లాసు ఇచ్చింది. రెండొందలుంటాయనుకున్నాను. పిండి ఎంత వేశావని అడిగి, అంతే తీసి తూచాను: 30 గ్రాములు. వంద క్యాలరీలు కూడా లేవు.