కూలర్ మార్చే ముందు వోల్టేజ్ చూడండి: ఓవర్‌క్లాకింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"ఓవర్‌క్లాక్ చేశాను, టెంపరేచర్ తొంభై దాటుతోంది, ఏ కూలర్ కొనమంటారు?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ వేగంతో నడపడం. వోల్టేజ్ ఎంత పెట్టారని నేను తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆటో మీద వదిలేసి ఉంటారు, లేదా ఏదో వీడియోలో చూసిన అంకెను ఉన్నదున్నట్టు ఎక్కించి ఉంటారు.

అపోహ: వేడంతా క్లాక్ స్పీడ్ వల్లే. వోల్టేజ్ స్టెబిలిటీ కోసం కాబట్టి కాస్త ఎక్కువే పెడితే మంచిది.

జనం డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లే. క్లాక్ స్పీడ్ ఎంత శాతం పెరిగితే ప్రాసెసర్ పవర్ సుమారు అంతే శాతం పెరుగుతుంది. వోల్టేజ్ పెరిగితే మాత్రం దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ నుంచి 5కి వెళ్తే పెరిగే పవర్ 11 శాతం. ఆ స్పీడ్ నిలబడాలని వోల్టేజ్‌ను 1.20 నుంచి 1.35 వోల్ట్లకు పెంచితే, ఆ పెంపు ఒక్కటే దాదాపు 27 శాతం. రెండూ కలిస్తే 40 శాతం.

ఇక టెంపరేచర్ సంగతి. గది 30 డిగ్రీలు, లోడ్‌లో ప్రాసెసర్ 75 అనుకుందాం. గది కంటే 45 ఎక్కువ. అదే కూలర్, అదే ఫ్యాన్ స్పీడ్ ఉంచి పవర్ 40 శాతం పెంచితే ఆ 45 కాస్తా 63 అవుతుంది. అంటే 93 డిగ్రీలు. నిజానికి ఇంకా పైకే పోతుంది. ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కూడా కొంత కరెంట్ లీకవుతుంది. వోల్టేజ్ పెరిగినా, వేడి పెరిగినా ఆ లీకేజీ కూడా పెరుగుతుంది.

వీడియో ఎడిటింగ్ చేసే ఒకాయన కూలర్ మార్చారు, తర్వాత లిక్విడ్ కూలర్ వేయించారు, థర్మల్ పేస్ట్ కూడా మార్చి చూశారు. అయినా రెండర్ మొదలవగానే 100కి చేరి థ్రాట్లింగ్, అంటే వేడి తట్టుకోలేక ప్రాసెసర్ తనే స్పీడ్ తగ్గించుకోవడం. ప్రాసెసర్ పోతుందేమోనని ఆయనకు ఒకటే టెన్షన్. చూస్తే వోల్టేజ్ ఆటోలో ఉంది, లోడ్‌లో 1.4 దాకా ఎక్కుతోంది. క్లాక్ ముట్టుకోకుండా మెల్లగా తగ్గిస్తూ వస్తే 1.27 దగ్గర కూడా గంటల తరబడి స్ట్రెస్ టెస్ట్ (ప్రాసెసర్‌పై పూర్తి లోడ్ వేసి చూసే పరీక్ష) నిలబడింది. టెంపరేచర్ ఎనభైల్లోకి దిగింది. పాపం, ఆయనకు మొదటి కూలరే సరిపోయేది.

ఓవర్‌క్లాక్ చేసినప్పుడు ఆటో ఎందుకంత ఎక్కువ ఇస్తుందంటే, మీ చిప్ మంచిదో కాదో బోర్డుకు తెలియదు. ఎంత నాసి చిప్ అయినా క్రాష్ కాకుండా ఉండాలని ముందే పెంచి ఇస్తుంది. అందుకే క్లాక్ స్థిరంగా ఉంచి, వోల్టేజ్‌ను 0.01 చొప్పున తగ్గిస్తూ ప్రతిసారీ స్ట్రెస్ టెస్ట్ చేయండి. క్రాష్ అయితే ఒకటి రెండు మెట్లు పైకి రండి. ఓపిక కావాలి, నిజమే. కానీ పైసా ఖర్చు లేదు.

అపోహ: టెంపరేచర్ తక్కువుంటే వోల్టేజ్ ఎంతైనా పర్లేదు.

ఈ పుకారు ఇంకా తిరుగుతుండటం చూస్తే చిరాకేస్తుంది. చిప్‌ను అరగదీసేది వేడి ఒక్కటే కాదు, వోల్టేజ్ కూడా. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారడానికి అవసరానికి మించిన వోల్టేజ్ కారణమని 2024లో ఇంటెల్ స్వయంగా చెప్పింది. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. 2023లో రైజెన్ 7000 చిప్‌లు కొన్ని కాలిపోయాక ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌ను (చిప్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లే వోల్టేజ్‌ను) 1.3కి పరిమితం చేయించింది. ఈ ప్రాసెసర్లు ఉన్నవాళ్లు ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు.

అపోహ: 95 డిగ్రీలు కనబడిందంటే ప్రాసెసర్ మాడిపోయినట్టే.

కంగారు పడకండి. రైజెన్ 7000లో చాలా మోడళ్లకు పరిమితి 95, ఇంటెల్‌లో చాలావాటికి 100. దాన్ని తాకితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. రోజూ అక్కడే నడపమని కాదు, ఒకసారి తాకినంత మాత్రాన చిప్ చచ్చిపోదు.

అపోహ: వోల్టేజ్ తగ్గిస్తే పెర్ఫార్మెన్స్ పడిపోతుంది.

థ్రాట్లింగ్ అవుతున్న ప్రాసెసర్‌కు తరచూ పెరుగుతుంది కూడా. మరీ తగ్గిస్తేనే క్రాష్‌లు.

అపోహ: పెద్ద పని లేనప్పుడు 1.4 చూపిస్తోంది, ప్రమాదం.

రైజెన్‌లో ఇది మామూలే. ఒకటి రెండు కోర్లు బూస్ట్ అయినప్పుడు కరెంట్ తక్కువ, వేడీ తక్కువ. చూడాల్సింది అన్ని కోర్లూ లోడ్‌లో ఉన్నప్పటి అంకె.

లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ను (లోడ్ పెరిగినప్పుడు వోల్టేజ్ పడిపోకుండా చూసే బయోస్ సెట్టింగ్‌ను) గరిష్ఠ స్థాయిలో పెట్టమనే సలహా కూడా వినకండి. లోడ్ ఒక్కసారిగా తగ్గిన క్షణంలో వోల్టేజ్ మీరు పెట్టినదానికంటే పైకి ఎగురుతుంది, అది సాఫ్ట్‌వేర్ రీడింగ్‌లో కనబడదు కూడా. మధ్య స్థాయిలో పెట్టి, లోడ్‌లో కొంచెం పడితే పడనివ్వండి.