తలుపు దగ్గర బోర్లా పడుకున్న మనిషి: రెస్క్యూ హెలికాప్టర్లపై అపోహలు - వాస్తవాలు

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు నేను ఏటిగట్టు మీద తలదాచుకున్న పిల్లవాణ్ణి. తర్వాత వాయుసేనలో హెలికాప్టరు నడిపాను. ఇప్పుడు కోనసీమలో కొబ్బరితోట చూసుకుంటున్నాను. వరద వచ్చిన ప్రతిసారీ గట్టు మీద రెస్క్యూ హెలికాప్టర్ల గురించి ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఇంజను ఆగితే రాయిలా పడిపోతుంది.

పడదు. దిగుతున్నప్పుడు కింది నుంచి కొట్టే గాలే రోటరును, అంటే పైన తిరిగే రెక్కలను, తిప్పుతుంది. ఆ ఊపుతోనే నేలకు దించవచ్చు, పైలట్లందరూ దీన్ని సాధన చేస్తారు. కాకపోతే తగినంత ఎత్తయినా ఉండాలి, వేగమైనా ఉండాలి. లంకలో ఇంటి కప్పు మీద చిక్కుకున్నవారిని వించితో (తాడు చుట్టే యంత్రంతో) లాగేటప్పుడు రెండూ ఉండవు. కొబ్బరి మొవ్వులకు కాస్త పైన, కదలకుండా నిమిషాల తరబడి నిలవాలి. అప్పుడు గానీ ఇంజను పోతే నేర్చిన విద్య అక్కరకు రాదు. యుద్ధంలో అదే స్థితిలో కింద నుంచి తుపాకులు కూడా పేలుతుంటాయి.

అపోహ: ప్రాణాలు కాపాడేది పైలట్.

తాడుకు వేలాడుతున్న మనిషి పైలట్‌కు కనిపించడు. తలుపు దగ్గర బోర్లా పడుకుని, తల బయటపెట్టిన సహచరుడికి కనిపిస్తాడు. "ముందుకు రెండు... కుడికి ఒకటి... ఆగండి" అని అతను చెబుతుంటే నా చేతులు ఆ మాట వింటాయి. కళ్లు మాత్రం ఎదురుగా ఏదో ఒక చెట్టును వదలవు. పతకాలేమో ఎక్కువగా ముందు సీట్లకే వస్తాయి. ఇది నాకు మొదటి నుంచీ నచ్చదు.

అపోహ: తెగించి దూసుకుపోవడమే ధైర్యం.

వియత్నాం యుద్ధంలో 1968 జనవరి 6న అమెరికన్ పైలట్ పాట్రిక్ బ్రాడీ చేసింది చూడండి. లోయ నిండా పొగమంచు, చుట్టూ శత్రువులు, కింద గాయపడినవారు. ఆయన హెలికాప్టరును పక్కకు తిప్పి, రోటరు గాలితోనే మంచును చెదరగొట్టుకుంటూ నెమ్మదిగా దిగాడు. చలికాలం పొద్దున్నే గోదావరి మీద మంచు పట్టినప్పుడు పంటు నడిపేవారికి ఆ నెమ్మది విలువ తెలుస్తుంది. ఆ ఒక్క రోజులో మూడు హెలికాప్టర్లు మార్చి 51 మంది క్షతగాత్రులను తెచ్చాడు. వాటికి పడిన తూట్లు 400 పైమాటే.

అపోహ: లోపల ఖాళీ ఉంది, ఇంకో నలుగురిని ఎక్కించుకోవచ్చు.

సీట్లు వేరు, బరువు వేరు. 1999లో కార్గిల్‌లో గాయపడిన జవాన్లను దించిన చీతా అనే హెలికాప్టరుకు అయిదు సీట్లు. ఆ ఎత్తులో గాలి పలచన, అన్నీ నింపితే లేవదు. మన దగ్గర ఎత్తు లేదు గానీ ఎండ ఉంది. వేడి గాలీ పలచనే. "తర్వాతి విడతలో తీసుకెళ్తాం" అని చెబితే జనం తిట్టుకుంటారు, తెలుసు.

అపోహ: హెలికాప్టరు కనబడగానే దాని కిందికి పరుగెత్తాలి, తువ్వాళ్లు ఊపాలి.

దూరంగా ఉన్నప్పుడు ఊపండి. దగ్గరికొచ్చాక టార్పాలిన్లు, తాటాకులు, చాపలు అదిమిపెట్టండి. లేచి రోటరులో పడితే అందరికీ ముప్పే. పైనుంచి వచ్చే కొక్కేన్ని గాలిలో ఉండగా పట్టుకోకండి. ఎగిరే హెలికాప్టరులో స్థిర విద్యుత్తు పేరుకుంటుంది, గట్టిగా షాక్ కొడుతుంది. కొక్కెం నీటినో నేలనో తాకాకే చెయ్యి వెయ్యండి.